ఓరుగల్లు నుండి వచ్చిన గద్దె

బచేలి పట్టణానికి అండగా బైలాడీలా కొండ నిలిచి ఉన్నది. ఎద్దు మూపురంవలె కనబడుటచే దానికి ఆ పేరు. ఆ కొండలోని ఇనుపరాయి రైలుపెట్టెలలో తూర్పుకనుమలు దాటి విశాఖపట్నం రేవుకు చేరుతున్నది. బస్తరు నుండి రాయి తెలుగుదేశానికి పోతూ ఉండగా, తెలుగుదేశం నుండి బస్తరుకు వెనుకటి కాలంలో వచ్చినది ఒక రాచకుటుంబం.

1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమైన పిమ్మట, ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఈ అడవులకు వచ్చి రాజ్యం నెలకొల్పెనని ఆ వంశంవారి మాట. వెనుకకు చూడవద్దని ఆనతిచ్చి దేవి అతని వెంట నడచినదట. ఇసుకలో అందెల చప్పుడు వినిపించక అతడు తిరిగి చూడగా ఆమె అక్కడనే నిలిచిపోయినదట. బచేలికి చేరువనే ఉన్న దంతెవాడలో, శంఖినీ డంకినీ నదుల సంగమం వద్ద, దంతేశ్వరీదేవి ఆలయం ఉన్నది. అచ్చటి 1703 నాటి శాసనం ఈ వంశక్రమాన్ని సంస్కృతంలోను, దేశభాషలోను చెపుతున్నది. కలియుగంలో సంస్కృతం చదువువారు కొద్దిమందే ఉందురు గనుక భాషలో వ్రాసితినని శాసనకర్త సంజాయిషీ! అనువాదకులకు ఆయనను మించిన పూర్వికుడు ఎక్కడ దొరకును?

1922లో గద్దె ఎక్కిన ప్రఫుల్లకుమారీదేవి అప్పటికి బాలిక. ఆమె మయూరభంజ రాజవంశీయుని వివాహమాడినది. 1936లో లండనులో శస్త్రచికిత్స అనంతరం మరణించినది. ఏడేండ్ల కుమారుడు ప్రవీరచంద్ర భంజదేవు రాజైనాడు. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైనది.

రాజ్యం పోయినది, ఆదివాసుల దృష్టిలో రాజు పోలేదు. ఆయన దంతేశ్వరికి ప్రథమ పూజారి, మట్టికి ప్రతినిధి. ఆస్తి నిర్వహణకు అసమర్థుడని 1953లో ప్రభుత్వం ఆయన ఎస్టేటును కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అధీనంలోకి తీసుకొన్నది. 1957లో ప్రజలు ఆయనను శాసనసభకు పంపినారు. ప్రవీరుడు లోపాలు లేనివాడు కాడు; ధనవ్యయంలో నిలకడ ఎరుగడనే ఆక్షేపణ నిరాధారమేమీ కాదు. కాని ఆ లెక్కలతో అడవిలోని వారికి పని లేదు. 1961 ఫిబ్రవరిలో ఆయనను నిర్బంధించి, రాజుగా గుర్తింపు తొలగించి, తమ్ముడు విజయచంద్రునకు ఆ గుర్తింపు ఇచ్చినారు. ఒక కాగితంతో పూజారిని మార్చవచ్చునని తలచినవారు బస్తరును ఎరుగరనక తప్పదు. మార్చి 31న లోహండీగుడాలో గుమికూడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపినారు, ఆదివాసులు మరణించినారు. అయినను జనం ప్రవీరుని వద్దకే వచ్చుచుండిరి. 1966 మార్చి 25న జగదల్‌పూరు రాజభవనంలోనే పోలీసు కాల్పులలో ఆయన, ఆయనతో పాటు పలువురు ఆదివాసులు అసువులు బాసినారు.

కిరందూల్ గని 1968లోను, బచేలి గని 1977లోను ఆరంభమైనవి. నడుమ, 1971లో, రాజభరణాలు, బిరుదులు దేశమంతటా రద్దైనవి.

నేటికిని ఏటేటా దసరాకు దంతేశ్వరి పల్లకి దంతెవాడ నుండి జగదల్‌పూరుకు తరలుతుంది. రాచకుటుంబీకుడు ఎదురేగి, మ్రొక్కి, పల్లకికి తన భుజం పట్టి భవనంలోనికి తోడ్కొనిపోతాడు.