తీరిక దినముల చరిత్ర

చరిత్ర తొందరపడువారికి చిక్కదు. పనిదినములలో మనస్సు జీతము, సరుకులు, పిల్లల చదువుల చుట్టు తిరుగుచుండును. వేయేండ్లు వెనుకకు పోవుటకు దానికి తెరపి యుండదు. కనుక శని, ఆదివారముల తీరికలో ఇంటిల్లిపాది కూర్చుండి చూడదగిన చరిత్రచిత్ర మేదని ఎవరైన అడిగినచో ‘భారత్ ఏక్ ఖోజ్’ పేరు చెప్పుట మేలు. సికిందరాబాదు తిరుమలగిరిలో జన్మించిన శ్యామ్ బెనెగళ్ దర్శకత్వమున 1988–89లో దూరదర్శన్ ప్రసారము చేసిన ఈ ధారావాహికలో 53 భాగములు కలవు. నేడది యూట్యూబ్‌లో లభించుచున్నది.

నేటి కన్నులకు ఇది నెమ్మదిగా నడచును. కోటలు నాటకరంగముపై కట్టినట్లే కనబడును, సేనలు పలుచన. అయినను దీనికొక అరుదైన గుణము కలదు. రాజుల పేర్లు, తేదీలు వల్లించి ఇది ఊరకుండదు. ఆయా కాలముల సాహిత్యమును సాక్ష్యమునకు పిలుచును. శాకుంతలము, శిలప్పదికారము, పద్మావతము ఇందు కథలుగానే గాక తమ కాలపు మనుష్యుల ఆశలకు, భయములకు ఆధారములుగా నిలుచును. నెహ్రూ పాత్రధారి రోషన్ సేఠ్ ప్రశ్నించును. ఓం పురి కంఠము కథ నడుపును.

ఈ చిత్రమునకు తగిన ప్రేక్షకులు అండమాను దీవులలోని డాలీగంజ్ వంటి చోట కలరు. 2024లో శ్రీవిజయపురమని పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ శివారు అది. శ్రీకాకుళము, విశాఖపట్నము ప్రాంతముల నుండి బ్రతుకుతెరువునకై సముద్రము దాటిన తెలుగు కుటుంబము లెన్నో ఆ నగరమున స్థిరపడినవి. వారి బిడ్డలకు ఇంట తెలుగు, వీధిలో హిందీ. కోస్తా పల్లెలోని బంధువులకు అడ్డుపడు సంభాషణ వీరికి సులభము. 2020 ఆగస్టులో చెన్నై నుండి సముద్రగర్భమున సుమారు 2,300 కిలోమీటర్ల తీగ వచ్చినది. అంతకు మునుపు ఉపగ్రహమే ఆధారమైనందున దీర్ఘచిత్రము చూచుట ఓర్పునకు పరీక్షగా నుండెడిది.

చోళుల భాగములు చూచిన పిల్లవాడు తన ఊరి కొత్త పేరులోని శ్రీవిజయ మేదని అడుగును. 11వ శతాబ్దిలో రాజేంద్ర చోళుని నౌకలు ఆ రాజ్యముపైకి పోయిన కథ తండ్రి చెప్పవలసి వచ్చును.

ఈ ధారావాహికకు మూలమైన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ చెరలో పుట్టిన గ్రంథము. నెహ్రూ దానిని 1944లో అహమ్మద్‌నగర్ కోటలో ఐదు నెలలలో వ్రాసెను. ఆ యేటి జనవరిలోనే, జపాను సేనల వశమైయున్న పోర్ట్ బ్లెయిర్‌లో, సెల్యులర్ జైలునందు పంజాబీ కవియు వైద్యుడునగు దివాన్ సింగ్ కాలేపానీ చిత్రహింసలకు గురియై మరణించెను. ధారావాహికలో 1857 తిరుగుబాటునకు రెండు భాగములు కలవు గాని, ఆ ఖైదీలను తెచ్చి 1858లో దించిన ఈ దీవులకు ప్రత్యేకముగ ఒక్కటియు లేదు. అనాదిగా ఈ అడవులలో జీవించుచు 1859లో అబర్దీను వద్ద ఆంగ్లేయులను విల్లంబులతో ఎదిరించిన గ్రేట్ అండమానీయులకును లేదు. ఎంత పెద్ద చిత్రమైనను దేశమంతయు పట్టదు. ఆ కొరత తీర్చుట చూచువారి పని.

కావున చూచు పద్ధతి యొకటి చెప్పదగును. వారమునకు రెండు భాగములు చాలును. 27 వారములలో, అనగా సుమారు ఆరు నెలలలో, పూర్తియగును. ఒక్క రాత్రి పది భాగములు చూచినవానికి కిరీటములు గుర్తుండును గాని కారణములు గుర్తుండవు. చూచిన పిమ్మట తెర ఆర్పి, తాత ఏ యేట, ఏ ఓడలో, ఎందుకు వచ్చెనో పిల్లలు పెద్దల నడుగవలెను. 1857 భాగములు ముగిసిన మరుసటి ఆదివారము, 1896–1906 మధ్య కట్టిన సెల్యులర్ జైలునకు పోయి, ఏడు శాఖలలో మిగిలిన మూడింటిని చూచి రావలెను. 1922–24 నాటి మన్యము తిరుగుబాటులో శిక్షపడిన తెలుగువారు కొందరు ఈ దీవులకే పంపబడిరి. ఆ సంగతి అక్కడ నిలిచి పిల్లలకు తెలుగులో చెప్పవలసినవారు ఇంటి పెద్దలే.