లెక్కకు ముగ్గు

గణితమన్నంతనే మన స్త్రీలలో పెక్కుమంది అది తమది కాదని మొగము త్రిప్పుకొందురు. ప్రతిదినము వాకిట చుక్కలు పెట్టి, ఒక్కటియు తప్పకుండ గీత త్రిప్పి తెచ్చు చేతికి గణితము కొత్తది కాదు.

పాఠశాలలో పిల్లలు చదువు సమితుల పాఠమునే చూడుడు. సమ్మేళనము, ఛేదనము, భేదము, పూరకము అను పేళ్లు చూచి బాలికలు బెదరుదురు. పేళ్లు కంఠస్థమగును గాని భావము పట్టువడదు. మా పొరుగింటి చిన్నదానికి ఈ పాఠము చెప్పవలసివచ్చినపుడు పుస్తకము మూసి పిండిముగ్గు తీసికొంటిని.

ఈ పటములకు మంచి చరిత్ర కలదు. ఆయిలర్ అను స్విట్జర్లాండు పండితుడు 1760 మొదలు 1762 వఱకు ఒక జర్మను రాకుమార్తెకు లేఖలు వ్రాయుచు, తర్కమును వలయములు గీసి బోధించెను. కేంబ్రిడ్జి పండితుడగు జాన్ వెన్ 1880లో ఆ పద్ధతిని సంస్కరించెను. ముందుగా గదులన్నియు కలుగునట్లు వలయములను గీసి, ఏమియు లేని గదిని గీతలతో నింపుట ఆయన పద్ధతి.

మన తర్కశాస్త్రము నెఱిగినవారికి ఇది సులభము. పొగగల తావులకు ఒక వలయము, నిప్పుగల తావులకు మఱియొకటి గీయుడు. కట్టెలపొయ్యి మండుచున్న వంటయిల్లు రెండింటియందును ఉండును. ఎఱ్ఱగ కాలిన యినుపగుండు నిప్పు వలయమున మాత్రమే యుండును. చెఱువు రెండింటికిని వెలుపల. నిప్పులేక పొగయుండు గది శూన్యము. నాలుగు గదులలో వ్యాప్తి యంతయు కన్నులకు గట్టును.

పటము స్పష్టముగ నుండుటకు కొన్ని నియమములు పాటింపవలెను. ముందుగా చుట్టును నలుచదరపు గోడ గీయవలెను. అదియే విశ్వసమితి. వలయములు సమానముగ నుండి, నడిమి గదిలో అంకె వ్రాయుటకు చాలినంత కలిసికొనవలెను. ఒకదానిని అడ్డగీతలతోను రెండవదానిని నిలువుగీతలతోను నింపుడు. గీతలు పెనవేసికొన్న చోటు ఛేదనము. ఏదో యొక గీతయున్న చోటంతయు సమ్మేళనము. అడ్డగీతలు మాత్రమే యున్నది భేదము. గీత తగులనిది సమ్మేళనమునకు పూరకము. మూడు వలయములకు ఎనిమిది గదులు వచ్చును. నాలుగింటికి పదునాఱు కావలెను గాని, గుండ్రని వలయములతో పదునాలుగే వచ్చును. అందుచే వెన్ కోడిగ్రుడ్డు వంటి దీర్ఘవలయములను గీసెను.

అంకెలు నడిమి గదినుండి వెలుపలికి వ్రాయవలెను. దీని ప్రయోజనమును మన గోదావరి వరదలే చెప్పగలవు. 40 కుటుంబముల లంక గ్రామ మొకటి యున్నదనుకొందము. వరదలో 18 కుటుంబములకు ఇండ్లు కూలినవి, 15 కుటుంబములకు పైరు పోయినది, 7 కుటుంబములకు రెండును నష్టమైనవి. జాబితాలు రెండును కూడినవారు 33 కుటుంబములందురు. వారు ఏడింటిని రెండుమార్లు లెక్కించిరి. పటము గీసినచో ఇల్లు మాత్రము పోయినవి 11, రెండును పోయినవి 7, పైరు మాత్రము పోయినవి 8, వెరసి 26. గోడలోపల, వలయముల వెలుపల 14 కుటుంబములు మిగులును.

ఆ పదునాలుగింటిలో ఒకరి వసారాలో తలదాచుకొని, పరుల చేలలో కూలిచేయు వితంతువు ఉండవచ్చును. కూలుటకు ఆమెకు ఇల్లు లేదు, మునుగుటకు చేను లేదు. పనులు నిలిచి పొయ్యి వెలుగకున్నను ఆమె పేరు ఏ జాబితాకును ఎక్కదు. కూడికలో ఆమె కనబడదు. పటములో ఆమె యున్న గది కనబడును. ఆ గదిలో నెవరున్నారని అడుగుట మన పని.

మా చిన్నది ఈ లెక్క ముగించి, "అత్తయ్యగారూ, గోడ గీయకపోతే ఆ పధ్నాలుగు ఇళ్లూ ఎక్కడ రాయాలి?" అని ప్రశ్నించినది. పాఠము దానికి వచ్చినదని నాకు తెలిసినది.

సోదరీమణులారా! మీ బిడ్డలు ఈ పాఠముతో మీకడకు వచ్చినపుడు, నాకు తెలియదని పంపివేయకుడు. ఒక పలక యిచ్చి, ముందు గోడ గీయుమనుడు.