కొత్తోళ్లను లోపలికి పిలిచే పద్ధతి

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

నేను కోయ. మాది భద్రాద్రి జిల్లాలో గోదావరి పక్కన ఊరు. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కింది నేనే మొదలు. హాస్టల్లో చేరిన మొదటి వారం నన్ను ఎవరూ పేరుతో పిలవలేదు. "ఏయ్ కొత్తోడా, బకెట్ పట్టుకురా" అనేవాళ్లు. తొమ్మిదో రోజు బ్యాగు సర్దుకుని బస్టాండుకి వెళ్లిపోయా. ఛార్జీకి ఇరవై రూపాయలు తక్కువై వెనక్కి వచ్చా. నవ్వకండి, నా చదువు నిలబడింది ఆ ఇరవై రూపాయల వల్లే.

ఈ ఏడాది పుష్య అమావాస్యకి నా రూమ్మేట్ ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్ నాగోబా జాతరకి తీసుకెళ్లాడు. వాడు గోండు, మెస్రం వంశం. ఆ వంశం వాళ్లు జన్నారం వైపు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన తెస్తారు. మా ఊరి పక్కన పారే గోదావరే! ఆ నీళ్లతో రాత్రి పూజ. తర్వాత భేటింగ్. కొత్త కోడళ్లు తెల్ల చీరల్లో, ముసుగులేసుకుని వరసగా వచ్చారు. పెద్దవాళ్లు వాళ్లని దేవుడికి పరిచయం చేస్తారు. అది అయ్యాకే ఆ కోడలికి వంశం పూజల్లో చోటు. నేను దూరం నుంచే చూశా. చూస్తుంటే నాకు ఆ బకెట్టే గుర్తొచ్చింది.

తిరుగు బస్సులో అన్నా: "ఈసారి జూనియర్లు వస్తే మన హాస్టల్లో కూడా భేటింగ్ పెడదాం రా."

వాడికి కోపం వచ్చింది. "ఆ పేరు వాడకు. అది మా పెన్ ముందు జరిగేది. మీ వేల్పుల పండగ పేరు మేం మెస్సులో వాడితే ఊరుకుంటావా?"

ఊరుకోను. వాడన్నది న్యాయమే. పేరు వదిలేశాం.

జూనియర్లు వచ్చిన రోజు రాత్రి అన్నానికి ముందు అందరం గుండ్రంగా కూర్చున్నాం. ముందు సీనియర్లమే లేచి పేరు, ఊరు, ఇంటిపేరు చెప్పుకున్నాం. మొదట లేచింది మా రూమ్మేటే. పాట పాడమనడం, డాన్స్ చేయమనడం ఏమీ లేదు. ఇద్దరు సీనియర్లు "ఇదేం పెళ్లిచూపులా" అని మధ్యలోనే లేచిపోయారు. వాళ్లు ఇప్పటికీ బకెట్లు మోయిస్తూనే ఉన్నారు, అబద్ధం ఎందుకు.

చర్ల వైపు పిల్లాడు ఒకడు చాలాసేపు తల ఎత్తలేదు. చివరికి పేరు చెప్పి, మెల్లగా "ఐదో గట్టు" అన్నాడు. నాదీ ఐదో గట్టే. అంటే మాలో అన్నదమ్ముల వరస. "తమ్ముడూ, ఇటొచ్చి కూర్చో" అన్నా. కంచం పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

పోయిన వారం వాడు ఇంటికెళ్లాడు. ఆదివారం సాయంత్రానికి తిరిగొచ్చేశాడు.