మౌనంగా ఉండే తెర

కమాండ్ లైన్ ముందు మొదటిసారి కూర్చున్నవాళ్లను బెదరగొట్టేది దాని మౌనమే. డాలర్ గుర్తు, పక్కన మినుకుమనే కర్సర్. నొక్కడానికి బొమ్మ లేదు, వెతుక్కోవడానికి మెనూ లేదు. ఎమ్‌కేడీఐఆర్ అని కొట్టి, కొత్త ఫోల్డర్‌కి ఓ పేరిచ్చి ఎంటర్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. కింద ఇంకో డాలర్ గుర్తు వచ్చి నిలబడుతుంది. ‘‘అయిందా సార్, కాలేదా?’’ అని అడుగుతారు పిల్లలు. అయింది. కాకపోతే ఆ మాట అదే చెప్పేది.

ఈ మాటల పొదుపు టెలిటైప్ నాటిది. 1969లో న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు శ్రీకారం చుట్టినప్పుడు కంప్యూటర్ జవాబులు కాగితం మీదే వచ్చేవి. మోడల్ 33 టెలిటైప్ సెకనుకు 10 అక్షరాలే కొట్టగలదు. దాని మీటలు నొక్కాలంటే వేళ్లకు బలం కావాలి. అందుకే ఎల్ఎస్, సీపీ, ఎమ్‌వీ అంటూ రెండక్షరాల ఆదేశాలు. అందుకే అనవసరంగా నోరు విప్పని ప్రోగ్రాములు. కాగితం పోయింది, ఆ మితభాషిత్వం నిలిచింది. అదంటే నాకు ఎంతో గౌరవం.

కొత్తవాళ్లకు యాభై ఆదేశాల పట్టీ ఇచ్చి బట్టీ పట్టమనడం నాకు నచ్చదు. మూడు చాలు. ఎక్కడున్నానో చెప్పే పీడబ్ల్యూడీ, ఇక్కడేముందో చూపే ఎల్ఎస్, పక్కకు వెళ్లడానికి సీడీ. వీటితో ఎంత తిరిగినా ఏదీ చెడిపోదు. తిరగనివ్వాలి. పేరులో మూడక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతాది అదే పూరిస్తుందని తెలిసిన క్షణాన మొహాలు విచ్చుకుంటాయి. ఆర్‌ఎమ్ జోలికి మాత్రం అప్పుడే వద్దు. దాంతో చెరిపింది చెత్తబుట్టలోకి వెళ్లదు, పోయినట్టే.

ఆ తర్వాత పైపు చూపిస్తాను. 1973లో అదే బెల్ ల్యాబ్స్‌కు చెందిన డగ్ మెక్‌ఇల్‌రాయ్ పట్టుబట్టగా యూనిక్స్‌లోకి వచ్చిన నిలువు గీత ఇది. ఒక ఆదేశం ఇచ్చిన జవాబును ఇంకోదానికి అందిస్తుంది. ఫొటోల ఫోల్డర్‌లో ఎల్ఎస్ కొట్టి, గీత గీసి, పంక్తులు లెక్కపెట్టే డబ్ల్యూసీని పక్కన పెడితే ఎన్ని ఫొటోలున్నాయో తెలిసిపోతుంది. ఎల్ఎస్‌కు లెక్క రాదు, డబ్ల్యూసీకి ఫొటోల సంగతి తెలియదు. రెండింటినీ కలిపింది కీబోర్డు ముందున్న పిల్ల. ‘‘సైజు ప్రకారం వరుసగా పెట్టొచ్చా సార్?’’ అంటుంది వెంటనే. పెట్టొచ్చు. ఎలాగో మ్యాన్ పేజీలో, అంటే ఆ ఆదేశం మాన్యువల్‌లో ఉంది. మ్యాన్ అని కొట్టి, పక్కన ఎల్ఎస్ అని రాయమ్మా, నువ్వే చదివి చెప్పు.