తెల్లారేదాకా ఆగొద్దు

కీమో ఎక్కించి ఇంటికి పంపేటప్పుడు రోగులకు ఏం చెబుతారో వినాలని రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లాను. ఈ సర్కారు దవాఖానా 1955 నాటిది. దీనికి ఎవరి పేరు పెట్టారో ఆ మెహదీ నవాజ్ జంగ్ తర్వాత 1960లో గుజరాత్ తొలి గవర్నరయ్యారు. ఆదిలాబాద్ నుంచి, పాలమూరు నుంచి, ఖమ్మం అవతలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ప్లాస్టిక్ కవర్లలో ఫైళ్లు పెట్టుకుని వరండాల్లో కూర్చున్నారు. మూడు వారాలకోసారి కీమో పడేవాళ్లు సాయంత్రం బస్సెక్కితే మళ్లీ రావడం ఇరవై ఒకటో రోజునే. నా ఆరాటమంతా ఆ మధ్య రోజుల గురించి.

ఒక పెద్దామె చేతికున్న సెలైన్ సూది తీసి, దూది అదుముతూ సిస్టర్ అడిగింది. "ఇంటికి పోయినంక జ్వరమొస్తే ఏం జేస్తవ్ పెద్దమ్మా?"

"మందు వేడి గద బిడ్డా. మజ్జిగ తాగి పండుకుంట."

సిస్టర్ వెంటనే ఆమె కొడుకును దగ్గరికి పిలిచింది. థర్మామీటర్ ఉందా అంటే లేదన్నాడు. "బస్సెక్కే ముందే కొనుక్కో. 100.4 చూపిస్తే అప్పుడే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. గోలీ వేసి చూద్దామనుకోకు."

ఈ వేడి నమ్మకం మనలో ఎంత లోతుగా ఉందో చెప్పక్కర్లేదు. దాన్ని పోగొట్టాలంటే ఒంట్లో జరిగేది విడమరిచి చెప్పాల్సిందే. కీమో మందు క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మజ్జలో వేగంగా పుట్టే తెల్లకణాలనూ దెబ్బతీస్తుంది. చాలా మందులతో ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల అవి బాగా పడిపోతాయి. ఆస్పత్రి వరండాల్లో అందరూ 'కౌంట్ పడిపోయింది' అనేది దీన్నే. సూక్ష్మజీవులను ముందుగా ఎదుర్కొనే న్యూట్రోఫిల్ కణాలు మైక్రోలీటర్ రక్తంలో మామూలుగా 1,500కు పైనే ఉంటాయి. 500 లోపుకు జారితే పుండు చీము పట్టదు, వాపు పెద్దగా రాదు. ఇన్ఫెక్షన్ లోపల పాకుతున్నా చాలాసార్లు బయటికి తెలిసేది జ్వరంతోనే. జ్వరం బిళ్ల ఆ ఒక్క ఆనవాలునూ మాపేస్తుంది. ఇలా జ్వరంతో వచ్చినవారికి గంటలోపే నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాలి. మన ఊళ్లలో జరిగేదేమిటి? పొద్దున ఆర్‌ఎంపీ దగ్గర సూది, మధ్యాహ్నం మండల కేంద్రంలో సెలైన్, మర్నాడు హైదరాబాద్ బస్సు. అంతసేపట్లో ప్రాణమే పోవచ్చు. ప్లేట్‌లెట్లు కూడా పడిపోయి ఉంటే, పిర్రకు వేసిన ఆ సూది దగ్గర లోపల రక్తం పేరుకుపోతుంది.

ఫోన్ ఎందుకు చెయ్యరని పక్క బెంచీ మీద ఉన్నాయన్ని అడిగాను. "రాత్రిపూట సారును ఎట్ల లేపుతం? ఏమన్న అనుకుంటడు" అన్నాడు. జ్వరమని చెబితే తర్వాతి కీమో ఆపేస్తారేమోనని భయమని ఇంకొకామె చెప్పింది. డాక్టరంటే మనకున్న భయభక్తులే ఇక్కడ కొంప ముంచుతున్నాయి. రోగులను మాత్రమే అని లాభం లేదు. ఏ క్యాన్సర్ ఆస్పత్రయినా ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో నంబరు రాసివ్వాలి, రాత్రి రెండింటికి ఆ ఫోన్ ఎత్తే మనిషీ ఉండాలి.

జ్వరం కాక వెంటనే ఫోన్ చెయ్యాల్సినవి మరికొన్నీ చెప్పింది సిస్టర్. పది నిమిషాలు అదిమి పట్టినా ఆగని ముక్కు రక్తం, మామూలు కంటే నాలుగైదు సార్లు ఎక్కువైన విరేచనాలు, రోజంతా మంచినీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, ఒక్క కాలే వాచడం. ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా నేరుగా 108కే.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది నడుం నొప్పి. పొలం పనికి పట్టేసిందనుకుని జండూబామ్ రాసుకుంటారు. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తుల క్యాన్సర్లు వెన్నెముకకు పాకి వెన్నుపామును నొక్కేయగలవు. కొత్తగా మొదలైన నొప్పి పడుకుంటే ఎక్కువవుతున్నా, కాళ్లు తడబడుతున్నా, మూత్రం బిగిసినా తర్వాతి తేదీ దాకా ఆగకూడదు. నడవగలుగుతున్నప్పుడే వైద్యం మొదలైతే చాలామందికి నడక నిలుస్తుంది. కాళ్లు పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం కష్టం.

పెద్దామె కొడుకు ఫైలు అట్ట లోపల రాసుకున్నాడు: ఏ క్యాన్సర్, చివరి కీమో ఎప్పుడు, జ్వరం ఎంత, ఎన్నింటి నుంచి. ఫోన్‌లో వరసగా చెప్పాల్సినవి ఇవే.

"ఫోన్ కలవకుంటే మేడం?"

"ఆగకు. దగ్గర్ల ఉన్న పెద్ద దవాఖానకు తీస్కపో. ఓపీ చీటీ కోసం లైన్ల నిలవడకు, సీదా ఎమర్జెన్సీకి పోయి ముందుగాల 'మా అమ్మకు కీమో నడుస్తున్నది, జ్వరమొచ్చింది' అను. తర్వాత ఫైలు చూపియ్యి."