పాత కట్టడం తీసేసుకోవచ్చట

పాతబస్తీలో ఒక దేవిడీ, అంటే నవాబుల కాలపు పెద్ద ఇల్లు, అమ్మకానికి వచ్చిందని మధ్యవర్తి ఎవరికో పంపిన ఫోటోలు తిరిగి తిరిగి నా దాకా వచ్చాయి. అన్నిటా రోడ్డు వెడల్పు, ఖాళీ జాగా. కింద గజం రేటు. ఆఖరున, "పాత కట్టడం ఉంది, తీసేసుకోవచ్చు." పొద్దుట్నుంచీ ఆ ముక్క గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఇల్లు నాకు తెలుసు. చదువుకునే రోజుల్లో స్నేహితుడి కోసం వెళ్లేవాణ్ణి. వీధిలోకి రాతి గోడ, ఎత్తయిన కమాను. దాటితే సహన్ అనే లోపలి వాకిలి, నడుమ హౌజు అనే నీటి తొట్టి, మూడు వైపులా దాలాన్లనే వసారాలు. వెనక తోటలో దానిమ్మలు, సీతాఫలం చెట్టు. మే నెల మిట్టమధ్యాహ్నం చాప కూడా లేకుండా షాబాదు బండల మీద పడి నిద్రపోయేవాళ్లం. మూరెడు మందం దాటిన ఆ గోడలోంచి ఎండ లోపలికి రావాలంటే సాయంత్రం కావాల్సిందే. అప్పటికి సహన్‌లోకి చల్లగాలి దిగేది.

అందరూ రాతినే పొగుడుతారు. ఆ రాతిని పట్టి ఉంచేది డంగు సున్నం. నానబెట్టిన సున్నం, ఇసుక కలిపి గానుగలో వేసి ఎద్దులతో తిప్పేవారు. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు పోసేవారు. మా ఊళ్లో తాత ఇంటికి గానుగ ఆడిస్తుంటే ఆ వగరు, తీపి కలిసిన వాసన వీధి చివరికి వచ్చేది. సున్నపు గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ తడికి దారి ఉండదు.

ఆ సంగతి తెలియని మేస్త్రీ ఒకడు తాత ఇంటికి "గట్టిగా ఉంటుంది" అని సిమెంటు పూశాడు. మూడో వానాకాలానికి గోడంతా ఉప్పు తేలింది. పెచ్చులు పెచ్చులుగా ఊడింది, ఊడుతూ లోపలి సున్నాన్నీ లాక్కుపోయింది. దేవుడి గూటి కింద అమ్మ ఏటేటా దిద్దిన పసుపు బొట్లు ఆ పెచ్చులతోనే రాలిపోయాయి. ఇన్నేళ్లయినా ఆ మేస్త్రీని క్షమించలేకపోతున్నాను.

దేవిడీలు ఇలా పోవడం కొత్త కాదు. సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో మొదలైంది దివాన్ దేవిడీలోనే. 1968లో మ్యూజియం కొత్త భవనానికి వెళ్లింది, ఆ దేవిడీ జాగాలో దుకాణాలు వెలిశాయి. ఇర్రం మంజిల్ అనే పాత ప్యాలెస్‌ను కూల్చి శాసనసభ కడతామన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. దాని కోసం కోర్టు మెట్లెక్కినవాళ్లున్నారు. సందులో ఉన్న ఈ ఇంటికి ఎవరున్నారు?

అమ్మేవాళ్లను ఒక్క మాటా అనను. వాటాలు పెరిగిపోయాయి. ఏటా కప్పు బాగుచేయించడం ఎంత బరువో పాత ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుసు.

కొనబోయేవారికే నా మనవి. బయానా ఇచ్చే ముందు ఒక మధ్యాహ్నం ఆ దాలాన్‌లో కూర్చోండి. కొన్నాక సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రీ దొరికేదాకా ఏ గోడకూ సిమెంటు తగలనివ్వకండి.