పొద్దు గూకితే లేచే బుడ్డ విలన్

మన సినిమాల్లో పెద్ద విలన్ పక్కన ఎప్పుడూ ఒక బుడ్డ విలన్ వుంటాడు. గళ్ళ లుంగీ, మెడలో కర్చీఫ్, బుగ్గ మీద పులిపిరి. వాడికంటూ స్వంత బలం ఏమీ లేదు. అయ్యగారి నీడే వాడి బలం. హీరో ఒక్క గుద్దు గుద్దితే వెళ్ళి గడ్డివాములో పడతాడు. అయినా మొదటి నాలుగు రీళ్ళూ వూరు వూరంతా వాణ్ణి చూసి తలుపులు వేసుకుంటుంది!

అచ్చం అలాంటి శాల్తీనే నేను వెండితెర మీద కాదు, రెండు చేతుల్లో ఇమిడే ఆటతెర మీద చూశాను. పేరు డ్వార్ఫ్ బుల్‌బోర్బ్. జపాన్‌వాళ్ళు ముద్దుగా ‘కొచాపీ’ అంటారు. ఆట పేరు ‘పిక్మిన్’. మారియోని పుట్టించిన షిగెరు మియామొతో మానసపుత్రిక ఇది. 2001లో నింటెండో కంపెనీ విడుదల చేసింది. తోటలో చీమలు ఆకులు మోసుకుపోతుంటే చూసి ఈ ఆలోచన వచ్చిందని మియామొతోయే చెప్పుకున్నాడు.

కథ చెప్తాను వినండి. రూపాయి బిళ్ళంత మనిషి ఆలిమార్. అతగాడి వ్యోమనౌక తెలియని గ్రహం మీద కూలి 30 ముక్కలై చెల్లాచెదరవుతుంది. అతను బతికి వుండే గడువు 30 రోజులు. సాయానికి దొరికేవి పిక్మిన్లు. నడిచే మొక్కల్లా వుంటాయి. ఎర్రవి నిప్పుకి జడవవు, నీలివి నీళ్ళలో మునగవు. అతను ఈల వేస్తే వెంట వస్తాయి, విసిరితే శత్రువు మీద పడతాయి, బరువు కనిపిస్తే గుంపుగా ఎత్తుకొస్తాయి. ఒక్కసారి 100కి మించి బయట తిప్పడానికి లేదు. ఇంతే సరంజామా!

ఇక విలన్లు. పెద్దది బుల్‌బోర్బ్. ఎర్రటి వీపు, దాని మీద తెల్ల చుక్కలు, కాడల మీద నిలబడ్డ కళ్ళు, వొళ్ళంతా నోరే అన్నట్టుండే నోరు. అది నిశాచరి. పగలంతా గుర్రుపెట్టి నిద్రపోతుంది. దాని చుట్టుపక్కలే, అదే ఎరుపు, అవే చుక్కలతో బుడ్డవి కనిపిస్తాయి. దాని పిల్లలు కాబోలనుకుంటాం. కాదు! 2004లో వచ్చిన రెండో భాగంలో ఆలిమార్ రాసుకున్న చిట్టా ఆ గుట్టు విప్పుతుంది. ఇది అసలు బుల్‌బోర్బ్ జాతే కాదట. బ్రెడ్‌బగ్ అనే వేరే కుటుంబం. ఆ కుటుంబంవాళ్ళ వృత్తి, మనవాళ్ళు మోసుకొస్తున్న సొత్తును ఎదురు లాగి బొరియలోకి ఈడ్చుకుపోవడం. అంటే దొంగ కులంలో పుట్టి, రాక్షసుడి చొక్కా తొడుక్కుని, ఆ రాక్షసుడి వీధిలోనే కాపురం పెట్టాడన్నమాట.

‘మాయాబజార్’ (1957)లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం కట్టాడు. బలవంతుడు కోమలాంగి వేషం వేస్తే మనకి నవ్వు. ఇక్కడ వ్యవహారం తిరగేశారు. అర్భకుడు బలవంతుడి వేషం వేశాడు. ఇది కేవలం ఆటవాళ్ళ కల్పన అనుకోకండి. మా పాలమూరు ఇళ్ళల్లో వర్షాకాలం రాత్రి గోడవార చారల పాము కనబడితే, ‘కట్లపాము’ అని కర్రలు లేస్తాయి. కట్లపాము నిజంగానే ప్రాణాంతకం. నేల మీద పడుకున్నవాళ్ళని నిద్రలోనే కాటేస్తుంది. కానీ చాలాసార్లు ఆ కర్ర కింద చచ్చేది తోడేలు పాము. అదీ రాత్రి తిరిగేదే, అదీ చారలదే, విషం మాత్రం లేదు. గద్దనో గుడ్లగూబనో బెదిరించడానికి పనికొచ్చే చొక్కా, మనిషి దగ్గరకొచ్చేసరికి దాని పాలిట యముడవుతుంది.

కొచాపీది కూడా అదే రాత. పిక్మిన్‌ని గురి చూసి సరిగ్గా దాని నడుం మీద పడేట్టు విసిరితే ఒక్క దెబ్బకే ఢమాల్! మరి అంత చేతగానివాణ్ణి విలన్ అని ఎందుకంటున్నానంటే... దానికి మా ఇంట్లో జరిగిన ముచ్చట చెప్పాలి.

మా అమ్మ పుట్టిల్లు నాగర్‌కర్నూలు దగ్గర పల్లె, మెట్టినిల్లు గద్వాల. నేను వుంటున్నది వనపర్తి. 2016 దాకా మూడూ ఒక్క జిల్లాలోవే, ఇప్పుడు మూడు జిల్లాలు. మొన్నొక వేసవిలో అమెరికా నుంచి మా అక్క కొడుకు దిగాడు. తొమ్మిదేళ్ళవాడు. వాడి చేతిలో ఈ ఆట. అమ్మ మంచం మీద చేరి వాడి భుజం మీదుగా చూస్తోంది.

ఈ ఆటలో ఒక పగలంటే సుమారు 13 నిమిషాలు. తెర పైన సూర్యుడి బొమ్మ ఎడమ నుంచి కుడికి జరుగుతూ వుంటుంది. అది అంచుకి చేరేలోగా పిక్మిన్లని గూటికి చేర్చాలి. ఆఖరి పది సెకన్లూ పది, తొమ్మిది అంటూ అంకెలు పడతాయి. గూటికి చేరనివాటిని చీకట్లో లేచిన నిశాచరులు నమిలేస్తాయి. ఆలిమార్ పైకెగిరి పోతూ వుంటాడు, అంతే. చేసేదేం లేదు.

మావాడు ఆ మూల కొచాపీల వెంట పడ్డాడు. ఒకటి కొట్టాడు, రెండు కొట్టాడు. తేలిగ్గా గెలుస్తుంటే ఎవరు మానుతారు? మూడోది, నాలుగోది... అమ్మ మాత్రం పైన సూర్యుణ్ణే చూస్తోంది.

“పొద్దు వాలుతున్నది బిడ్డా. ఈల గొట్టు. తోలుకరా, తోలుకరా!”

“ఒక్కటే వుంది అమ్మమ్మా!”

అంకెలు పడ్డాయి. లెక్క తేలింది. పదిహేడు బయటే మిగిలిపోయాయి.

“పదిహేడా? ఏవేవి?” అంది అమ్మ.

“అన్నీ సేమే కదా అమ్మమ్మా.”

“నువ్వు సూస్తలెవ్వు గానీ, మందల అన్నీ ఒక్కతీరు యాడుంటయిరా?”

అప్పుడు చెప్పింది, నేనూ ఎన్నడూ వినని సంగతి. మా తాతకి గొర్ల మంద వుండేది. రాత్రిళ్ళు రైతుల చేలల్లో మంద పెట్టేవాడు. అమ్మకి ఏడేళ్ళప్పుడు ఒక సాయంత్రం నక్క ఒకటి పిల్లని పట్టబోయింది. తాత కట్టె పట్టుకుని దాని వెంట పడ్డాడు. నక్కే కదా, అదెంత! అది గట్లు దాటించి దాటించి చాలా దూరం తీసుకుపోయింది. వచ్చేసరికి పొద్దు గూకింది. మంద దగ్గర తోడేళ్ళు పడ్డాయి.

“నాలుగు పొయినయి. బొల్లి చెవులది, కర్రిది, కొమ్మిరిగింది, దాని పిల్ల. మా నాయిన రెండొద్దులు బువ్వ ముట్టలె.”

అరవై ఏళ్ళ నాటి గొర్రెల ఆనవాళ్ళు అమ్మ ఇంకా చెప్తోంది. మావాడు ఆట ఆపి కూర్చున్నాడు.

కొచాపీ చేసే అసలు పని ఏమిటో నాకు అప్పుడర్థమైంది. వాడు తినే పిక్మిన్లు ఎన్ని గనక? వాడు తినేది పొద్దుని. తేలిగ్గా ఓడిపోతూ మనల్ని గూటికి దూరంగా లాక్కుపోతాడు. తర్వాత పని చీకటి చూసుకుంటుంది.

మర్నాడు మావాడు తెరని కళ్ళకి ఆనించుకుని చూశాడు. పిక్మిన్లు నిజంగానే ఒక్కతీరు కావు. కొన్నింటి నెత్తిన ఆకు, కొన్నింటికి మొగ్గ, కొన్నింటికి పువ్వు. పువ్వువి చురుగ్గా పరుగెడతాయి. ఆ రోజునుంచి సాయంత్రం లెక్క ఇలా చెప్పేవాడు: “అమ్మమ్మా, రెండు పోయాయి. ఒకటి మొగ్గది, ఒకటి పువ్వుది.” అమ్మ “అయ్యో” అనేది, నిజం గొర్రెకి అన్నట్టే.

అన్నట్టు, ఈ ఆట ప్రచారానికి జపాన్‌లో ‘ఐ నో ఉతా’ అని ఒక పాట చేశారు. పాడిన బృందం స్ట్రాబెర్రీ ఫ్లవర్. మోసి, పోరాడి, తినబడి కూడా నీ వెంటే వస్తామని పిక్మిన్లు చెప్పుకునే పాట. జనం తెగ కొన్నారు. హుషారు బాణీలో అంత దిగులు పెట్టడం మన సంగీత దర్శకులకి తెలియని విద్య కాదు గానీ, ఒక ఆట ప్రకటన కోసం అంత సాహసం చేయడం మెచ్చుకోవాలి.

మావాడు తిరిగి వెళ్ళిపోయాడు. ఒక ఆదివారం వీడియో కాల్‌లో అమ్మకి కొత్త కబురు చెప్పాడు. 2023లో వచ్చిన నాలుగో భాగంలో రాత్రిపూట కూడా బయటికి పోవచ్చట. చీకట్లో మెరిసే పిక్మిన్లు వున్నాయట.

అమ్మ మొహం చిట్లించింది. “రాత్రి పూట మందనా? కుక్క ఉన్నదా?”

“వుంది అమ్మమ్మా, పేరు ఓచీ. రెండే కాళ్ళు!”

“రెండు కాళ్ళదా?” అమ్మ కాసేపు ఆలోచించింది. “ఏదో ఒకటి. కుక్కుంటె పో.”